గేటు దగ్గర ఆగిన ఆనపబుర్ర

డిసెంబరు శనివారం, ఉదయం ఏడుంబావు. కొత్తవలస స్టేషనులో మా ఆవిడ సత్యవతి చేతిలోని సంచీని చూసి టీ కొట్టతను, "ఏటమ్మా, సీరలు అమ్మడానికి ఎల్తన్నారేటి?" అని అడిగాడు. మా అరకు యాత్ర అలా మొదలైంది.

అతని తప్పేమీ లేదు. అది పట్టుచీర కొన్నప్పుడు షాపువాళ్ళు ఇచ్చే జిప్పు కవరు, మీద బంగారు అక్షరాలతో షాపు పేరు. లోపలున్నదంతా బయటికి కనిపిస్తుంది. సాయంత్రం అరకులో పాటల కచేరీకి వెళ్తున్నాం మేము. మా ఎదురింటి అమ్మాయి ఫోనులో టికెట్లు తీసిపెట్టింది. టికెట్టు కింద నిబంధనలు ఉంటే కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాను. చేతి సంచులు రావు. ఏ సంచీ అయినా లోపలి వస్తువులు కనబడేలా ఉండాలి, పరీక్ష రాసే కాగితమంత సైజు దాటకూడదు. నీళ్ళు, తిండి, లైటరు, గుట్కా, కిళ్ళీ ఏవీ రావు. అది విని మా ఆవిడ బీరువా తెరిచి, పట్టుచీరను బయటికి లాగి, ఆ కవరులో మా ప్రయాణపు సరంజామా అంతా సర్దేసింది. నా బీపీ మాత్రలు, మంకీ క్యాపు, తన కాటుక డబ్బా, అమృతాంజనం, నా బనీను. బనీను పైకే పెట్టింది. రైలు పెట్టెలో ఎక్కినవాళ్ళంతా ముందు నా బనీనును చూసి, తరువాత నన్ను చూశారు.

"అది అడుక్కి తొయ్యవే" అన్నాను.

"కనబడాలనే కదండీ రూలు!" అంది.

బనీను ఉన్నచోటే ఉండిపోయింది. నేను ఇరవై తొమ్మిదేళ్ళు ఘాట్ రోడ్డు బస్సులో కండక్టరుగా చేసినవాణ్ణి. ఏ మూట లోపలికి రావాలి, ఏది టాపు మీదికి పోవాలి అని తీర్పులు చెప్పి బతికినవాణ్ణి. రూలు అన్న మాట వింటే ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది.

కిరండూల్ పాసింజరు ఏడున్నర దాటాక వచ్చింది. మీరెవరైనా వెళ్ళదలుచుకుంటే ముందే రిజర్వేషను చేయించుకోండి, లేకపోతే కొత్తవలసలో నిలబడ్డవాళ్ళు అరకు దాకా నిలబడే ఉంటారు. కిటికీ ఎటు దొరికినా బాధపడకండి, లోయ కాసేపు ఇటూ కాసేపు అటూ కనిపిస్తుంది. శృంగవరపుకోట దాటాక కొండ మొదలైంది, సొరంగాలూ మొదలయ్యాయి. ప్రతి సొరంగంలోనూ కుర్రకారు గోల పెట్టి అరుస్తున్నారు. మా ఆవిడ సొరంగాలు లెక్కపెడతానని వేళ్ళు ముడిచింది. మధ్యలో శనక్కాయలవాడు రావడంతో లెక్క తప్పింది.

అసలు సంగతి అక్కడే ఆవిడకి చెప్పాను. తను సినిమా పాటల కోసం వస్తోంది. నేను వెళ్తున్నది పాటల కోసం కాదు.

ఎదురింటి అమ్మాయి ఫోనులో కచేరీ బొమ్మ చూపించినప్పుడు, కింద చిన్నగా ఇంకో బొమ్మ ఉంది. కచేరీకి ముందు థింసా నాట్యమట. చేతులు పెనవేసుకున్న ఆడవాళ్ళ వరస, పక్కన మోరి పట్టుకున్న ఒక ముసలాయన. ఎడమ కనుబొమ్మ మీద గాటు. చూడగానే గుర్తుపట్టాను. డుంబ్రిగుడ దగ్గర నా బస్సు ఎక్కే గాసన్న. ఇరవై రెండేళ్ళుగా నా మనసులో ముల్లులా ఉండిపోయిన మనిషి.

మోరి అంటే మన సన్నాయిలాంటిదే, కొంచెం మోటుగా ఉంటుంది. దాని మూతికి తాటాకుతో కట్టిన చిన్న పీక తగిలించి ఊదుతారు. ఆ పీక తడిగా ఉంటేనే పలుకుతుంది. ఎండితే మోరి ఉత్త గొట్టం. అందుకని గాసన్న తన పీకల్ని ఎండిన ఆనపకాయ బుర్రలో, కాసిని నీళ్ళు పోసి, ఆకు మూత పెట్టి తెచ్చుకునేవాడు. ఒక సంత రోజున బస్సు కిటకిటలాడుతోంది. అనంతగిరిలో ఏదో పెళ్ళికి మోరి ఊదడానికి వెళ్తూ బుర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను, "నీళ్ళు ఒలుకుతాయి, టాపు మీద పెట్టు" అన్నాను. "బాబు, ఇది ఒళ్ళోనే ఉండాల" అన్నాడు. "రూలు నేను పెట్టలేదు, చెప్పడానికే నేనున్నాను" అని బుర్రా, మోరి ఉన్న మూటా లాక్కుని నేనే పైకి ఎక్కించాను. గాలికొండ మలుపుల్లో ఆ బుర్ర ఎక్కడ దొర్లిపోయిందో దేవుడికే తెలియాలి. అనంతగిరి ముందు దిగి పైకెక్కి చూసుకున్నాడు. మోరి ఒక్కటే ఉంది. రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చున్నాడు. నేను రెండు విజిళ్ళు కొట్టాను, బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే, పీక లేని మోరిని నోటికి పెట్టుకుని ఊదుతున్నాడు. చప్పుడు లేదు. బుగ్గలు పొంగడం మాత్రం కనబడింది.

ఇదంతా మా ఆవిడకి సొరంగంలో చెప్పాను, నా మొహం కనబడదని. సొరంగం అయిపోయి వెలుతురు వచ్చాక తను, "ఏటి చెప్పారు? ఆ గోలలో ఒక్క ముక్క వినబడలేదు" అంది. ఇంకో సొరంగం వచ్చేదాకా ఆగి మళ్ళీ చెప్పాను. ఈసారి వినబడింది.

"అయితే ఇప్పుడు వెళ్ళి క్షమాపణ అడుగుతారా?"

"అడుగుతాను. ఆ మోరి ఒక్కసారి చెవులారా వినాలి. అంతే."

"ఇరవై రెండేళ్ళు పట్టిందా బాబూ ఈ బుద్ధి రావడానికి!" అని శనక్కాయ వలిచి నా చేతిలో పెట్టింది.

పదకొండు గంటలకి అరకు స్టేషనులో దిగాం. ఎండ ఉంది గానీ వేడి లేదు. స్టేషనుకి నడిచిపోయే దూరంలో ఒక లాడ్జి. గది శుభ్రం, దుప్పట్లు మందం. వేడినీళ్ళు కావాలంటే కింద అరిచి చెప్పాలి, బకెట్టుతో తెస్తారు. పన్నెండింటికి పక్క హోటల్లో భోజనం. ఇక్కడే పండే రాజ్మా గింజలతో కూర చేశారు, మా ఆవిడ రెండుసార్లు వేయించుకుని వంటావిడ దగ్గరికి వెళ్ళి ఎలా చేశారో అడిగి వచ్చింది. వెదురుబొంగులో కోడి కూడా ఉందన్నారు. ఆ రోజు శనివారం, మాకు లేదు.

ఒంటిగంటకి షేరు ఆటో ఎక్కి డుంబ్రిగుడ చేరాం. అక్కణ్ణించి గాసన్న వాళ్ళ ఊరికి కాలిదారి, మైలు దాకా నడక. వలిసె పూలు చాలా మటుకు రాలిపోయాయి, గట్ల మీద అక్కడక్కడ పసుపు మిగిలింది. ఇళ్ళ ముందు కాఫీ పళ్ళు ఎండబోశారు. ఆ పళ్ళ మీద కోళ్ళు నడుస్తుంటే ఒకావిడ కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. దారి అడిగితే, "మోరి తాతా? అదిగో, ఆ అరుగు మీద ఉన్నాడు" అంది.

గాసన్న అరుగు మీద కూర్చుని ఒక పీకకి దారం చుడుతున్నాడు. జుట్టు తెల్లబడింది, ముందు పళ్ళు నాలుగు పోయాయి. గాటు అలాగే ఉంది. నేను చెప్పులు విప్పి ఎదురుగా నిలబడ్డాను.

"గాసన్నా, నన్ను గుర్తుపట్టావా?"

తలెత్తి చూశాడు. ఎంతోసేపు పట్టలేదు.

"నువ్వు టికెట్టు బాబువి. మైలురాయి కాడ వొదిలీసి ఎల్లిపోనావు."

తప్పు నాదేననీ, బుర్ర నీ ఒళ్ళో ఉంటే పోయేది కాదనీ, అది చెప్పడానికే వచ్చాననీ గబగబా చెప్పేశాను. గాసన్న దారం చుడుతూనే విన్నాడు.

"ఆ బుర్రలో మూడు పీకలు. మా అయ్య కట్టినవి. పెళ్ళిలో డప్పుకే ఆడినారు. ఆడోళ్ళు నన్ను సూసి ఒకటే నవ్వు. రెండు నెల్లు ఆ ఊరు దిక్కు ఎల్లనేదు నాను." మేక తప్పిపోయిన సంగతి చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. "మరి అప్పుడు సెప్పనేదేటి? ఇప్పుడు సెప్తన్నావు?"

"అప్పుడు ఉద్యోగం ఉంది, పొగరుంది. ఇప్పుడు రెండూ లేవు."

"రెండోది ఉంది" అంది మా ఆవిడ.

గాసన్న పడీపడీ నవ్వాడు. కోడలు లోపల్నించి బెల్లం కాఫీ తెచ్చింది. తరువాత మాటలే మాటలు. పాత డ్రైవర్లలో ఎవరున్నారు, ఎవరు పోయారు, ఏ మలుపులో ఎవరి మేక బస్సులోంచి దూకింది. ఈ కబుర్లలో మూడు దాటిపోయింది. థింసా ఆడేవాళ్ళని తీసుకెళ్ళడానికి వచ్చిన వ్యాను రోడ్డు మీద హారను కొట్టీ కొట్టీ వెళ్ళిపోయిందట. ఆడవాళ్ళు ముందే పట్టుకెళ్ళిన మోరి ఆ వ్యానులోనే వెళ్ళిపోయింది. మోరి ఊదేవాడూ, పీకలూ మాత్రం మాతో పాటు అరుగు మీదే ఉండిపోయారు.

నేను లబోదిబోమన్నాను. ఇన్నేళ్ళ తరువాత తప్పు ఒప్పుకోవడానికి వచ్చి, మళ్ళీ ఆయన్ని ఆటకి ఆలస్యం చేశానా! గాసన్న మాత్రం తాపీగా లేచి, మెడలో కళాకారుల కార్డు వేసుకుని, గూట్లోంచి ఆనపబుర్ర తీశాడు. రెండు పీకలు అందులో వేసి, నీళ్ళు పోసి, ఆకు మూత పెట్టాడు.

"ఇదిగో, నువ్వు పట్టు" అని నా చేతిలో పెట్టాడు. "నీ ఒళ్ళో."

ఆటోలో అరకు దాకా ఆ బుర్రని రెండు చేతులా పొట్టకి హత్తుకుని కూర్చున్నాను. గతుకు వచ్చిన ప్రతిసారీ ఆటోవాడి మీద కేకలేశాను. మా ఆవిడ చీర కవరు ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసి నవ్వు ఆపుకుంటోంది.

నాలుగుంబావుకి మైదానం గేటు దగ్గరికి చేరాం. ఐదుంబావుకి థింసా. వరసలో నూటికి పైగా జనం. గేటు పక్కన సంచులు దాచే టెంటు వేశారు, పట్నం నుంచి కారుల్లో వచ్చినవాళ్ళు భుజాల సంచులు అక్కడ పడేసి టోకెన్లు తీసుకుంటూ తిట్టుకుంటున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకి మాత్రం ఏ దిగులూ లేదు. డబ్బులూ ఫోనూ తాళంచెవీ అన్నీ కొంగున ముడేసుకుని రెండు చేతులూ ఊపుకుంటూ వెళ్ళిపోతున్నారు. మీరు వెళ్తే అదే పని చెయ్యండి, కొంగు లేనివాళ్ళు జేబులున్న చొక్కా వేసుకోండి.

ఆడవాళ్ళ వరస దగ్గర యూనిఫారంలో ఇరవై, ఇరవైరెండేళ్ళ అమ్మాయి. పాడేరు వైపు గుంటట. ఆమె చేతిలో చెక్క చట్రం ఉంది. మా ఆవిడ కవరును అందులో పెట్టి చూసింది. నాలుగు వేళ్ళు ఎక్కువ.

"ఎక్కువైంది పిన్నీ. పైగా ఈ బంగారు అచ్చరాల ఎనకాల ఏటుందో కనబళ్ళేదు."

"అక్కడ మా ఆయన బనీనుంది తల్లీ" అని మా ఆవిడ బనీను తీసి నా మెడలో వేసి, కవరు మడిచి చట్రంలో పెట్టింది. ఈసారి పట్టింది. జనం నవ్వారు. నేను బనీను చొక్కా లోపలికి తోసేసుకున్నాను. సరే, మా ఆవిడ గెలిచింది.

ఆ అమ్మాయి చూపు నా చేతుల మీద పడింది.

"తాతా, అదేటి?"

నన్నూ తాతా అంది. గాసన్న నాకంటే పదేళ్ళు పెద్ద. అది వేరే సంగతి. ఏమిటో చెప్పాను. కళాకారుడనీ, ఇవి లేకపోతే మోరి పలకదనీ, మోరి ఇప్పటికే లోపల ఉందనీ చెప్పాను. ఆ అమ్మాయి బోర్డు వైపు చూపించింది.

"లోపల కనబడని డబ్బా రాదు తాతా. బయటి నీళ్ళు రావు. కార్డు ఉన్నోళ్ళకైనా ఇదే. టెంటులో పెట్టీసి ఎల్లండి."

"అమ్మా, ఆయన లేకపోతే ఆటే లేదు."

"రూలు నాను పెట్టనేదు తాతా. సెప్పడానికే నానున్నాను."

ఆ మాట నాది. ఇరవై తొమ్మిదేళ్ళు ఘాట్ రోడ్డు మీద నేను వాడిన మాట. గాసన్న కూడా గుర్తుపట్టాడు. నా వైపు చూసి, నోరు తెరిచి, పళ్ళు లేని చిగుళ్ళతో హహహా అని నవ్వడం మొదలుపెట్టాడు. "నీ మనవరాలేటి?" అన్నాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. లోపల తుడుము డప్పు మోగుతోంది. ఆడవాళ్ళు వరస కడుతున్నారు కాబోలు. రెండోసారి కూడా నా చేతుల్లోంచే ఈ బుర్ర పోతుందా అని చెమట పట్టింది, ఆ చలిలో.

మా ఆవిడ చీర కవరు జిప్పు తీసింది. "ఇందులో వేసెయ్యండి. తడి రుమాల్లో చుట్టి వేద్దాం."

గాసన్న తల అడ్డంగా ఊపాడు. పీక రెండు ఆకు రేకులు దగ్గరగా కట్టినది, దాని పెదవులు గుడ్డలో నలిగినా కవరులో నొక్కుకుపోయినా ఇక పలకవట. లోపలికి వెళ్ళాక నీళ్ళు కొని నానబెడదామంటే అంత టైము లేదు. ఒకసారి ఎండితే మళ్ళీ మెత్తబడడానికి గంట పైనే పడుతుందన్నాడు. అని ఇంకేమీ ఆలోచించకుండా బుర్రలో వేలు పెట్టి ఒక పీక తీసి టక్కున నోట్లో వేసుకున్నాడు. రెండోది తీసి నా ముందు పెట్టాడు.

"నాకు పళ్ళు నేవు. రెండు నోట్లో ఆగవు. నువ్వు పెట్టుకో."

"చీ, ఎంగిలి!" అంది మా ఆవిడ.

"మోరి పీకకి ఎంగిలి నేదమ్మా" అన్నాడు గాసన్న బుగ్గలోంచి. "మా అయ్య నోట్లోది నా నోట్లోకి ఒచ్చినాది. ఊదేవోళ్ళంతా అలగే."

నేను ఆలోచించలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఎడమ బుగ్గలో విజిలు పెట్టుకుని స్టాపులు పిలిచి, టికెట్లు కొట్టి, చిల్లర లేదని పోట్లాడినవాణ్ణి. నోట్లో వస్తువు పెట్టుకుని మాట్లాడడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పీక తీసుకుని ఎడమ బుగ్గలోకి తోశాను. తాటాకు రుచి, కొంచెం పొగ వాసన. విజిలు కంటే మెత్తగా ఉంది. ఖాళీ బుర్ర టెంటులో ఇచ్చి టోకెను తీసుకుని జేబులో వేసుకున్నాను.

మళ్ళీ వరసలో నిలబడ్డాం. పది నిమిషాలు. గాసన్న మాట్లాడడు, నేను మాట్లాడితే ఊపిరి ముక్కుతోనే వదులుతాను. అంతా బాగానే ఉంది. మగవాళ్ళ తనిఖీ దగ్గర లావుపాటి గార్డు నా చంకల కింద చేతులు పెట్టేదాకా బాగానే ఉంది. నాకు చక్కిలిగిలి ఎక్కువ. మా ఆవిడకి తెలుసు, గార్డుకి తెలియదు. "హా" అని నోటితో ఊపిరి వదిలాను.

నా నోట్లోంచి బాతు అరిచింది.

గార్డు రెండడుగులు వెనక్కి గెంతాడు. వరసలో ఒక పసిపిల్ల, "అమ్మా, తాత కడుపులో బాతుంది!" అంది. జనం ఒకటే నవ్వు. గాసన్నకి నవ్వు ఆగక ఆయన నోట్లోంచి ఇంకో బాతు అరిచింది. మా ఆవిడ చీర కవరు మొహానికి అడ్డం పెట్టుకుంది, అందులోంచి ఆవిడ మొహం మొత్తం కనిపిస్తూనే ఉంది.

ఆ పాడేరు అమ్మాయి వచ్చింది. "తాతా, నోరు తెరు."

తెరిచాను. లోపలికి చూసింది. గాసన్న నోరు కూడా చూసింది. నేను కళ్ళతోనే ఆమెను బతిమాలుకున్నాను. ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి పై నుంచి కింద దాకా వేలు పెట్టి చదివింది. ఒక్క వరస వదల్లేదు. అలా చదివేవాళ్ళంటే నాకు గౌరవం.

"సంచీ కాదు. నీళ్ళు కాదు. గుట్కా, కిళ్ళీ కాదు. నమిలేదేటి ఇది?"

ఇద్దరం తలలు అడ్డంగా ఊపాం.

"మరైతే బోర్డులో నేదు. ఎల్లండి తాతా, బేగి. తుడుము మోగీస్తన్నాది."

పరుగెత్తాం. అరవై మూడేళ్ళ నేనూ, డెబ్బై దాటిన గాసన్నా, వెనక కవరు ఊపుకుంటూ మా ఆవిడా. వేదిక మెట్ల దగ్గర ఒకావిడ మోరి అందించింది. గాసన్న నోట్లోంచి పీక తీసి, మోరి మూతికి దిగ్గొట్టి, ఒక్క అంగలో పైకెక్కాడు. నేను వేదిక వారన నిలబడ్డాను.

ఊదాడు.

ఏమని చెప్పను! గట్టిగా, వాడిగా, కొండ మీద నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వచ్చింది ఆ ధ్వని. ఆడవాళ్ళ వరస ఒక్కసారి కదిలింది. కుడికి నాలుగు అడుగులు, ఎడమకి రెండు, వంగి, లేచి. పట్నం కుర్రాళ్ళు ఫోనులు దించేసి లేచి నిలబడ్డారు. ఇదన్నమాట ఆ రోజు అనంతగిరి పెళ్ళిలో వినబడకుండా పోయింది. ఇంత గొప్ప చప్పుడును నేను టాపు మీద పడేశాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. తుడుచుకోలేదు కూడా.

ఐదారు నిమిషాలు గడిచాయో లేదో మోరి బొంగురుపోయింది. చలిగాలి. ఇంకొక్కసారి గీకి, ఆగిపోయింది. తుడుమువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు గానీ ఆడవాళ్ళ అడుగులు తడబడ్డాయి. గాసన్న బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు, చప్పుడు లేదు. వెనక అద్దంలో నేను చూసిన మొహం అచ్చంగా అదే.

ఆయన వేదిక మీద నుంచి నా వైపు చెయ్యి చాపాడు.

బుగ్గలోంచి పీక తీసి చేతిలో పెట్టాను. పాతది లాగి పడేసి, నాది దిగ్గొట్టి, కళ్ళు మూసుకుని ఊదాడు. పలికింది! మొదటిదాని కంటే గట్టిగా పలికింది. ఆడవాళ్ళు కేక పెట్టి వరస విప్పి మళ్ళీ అల్లుకున్నారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పలికిందండీ, పలికింది!" అని గట్టిగా అరిచింది, అక్కడున్న నాకే తెలియనట్టు.

తరువాత సినిమా పాటలు కూడా బాగానే పాడారు. మా ఆవిడ అన్నీ వాళ్ళతో కలిసి పాడింది. నేను సగం విన్నాను. థింసా వాళ్ళ వ్యాను ముందే వెళ్ళిపోయింది, బుర్ర టోకెను నా జేబులోనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి మంచులో నడుచుకుంటూ టెంటు దగ్గరికి వెళ్తే, గాసన్న అప్పటికే గొంగళి కప్పుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయే డ్యూటీలో ఉంది. టోకెను నంబరు చూసి, బుర్ర మీద చీటీ చూసి, సంతకం పెట్టించుకునే ఇచ్చింది. రెండు చేతులా తీసుకుని గాసన్న ఒళ్ళో పెట్టాను.

"ఒలికిపోనేదు" అన్నాను.

"ఖాళీ కదేటి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన రొంటి ముడి విప్పి రెండో పీక తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీ నోటికి మరిగింది. నీ కాడే ఉండనీ. నాను ఇంకోటి కట్టుకుంటాను."

పీకని చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాను. గాసన్న నా భుజం మీద ఒకటి కొట్టి మంచులోకి వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణం తొమ్మిదింటి బస్సులో, ఘాట్ రోడ్డు మీదుగా. కండక్టరు పాతికేళ్ళ కుర్రాడు, సీట్ల మధ్య జనాన్ని నెట్టుకుంటూ టికెట్లు కొడుతున్నాడు. పచ్చి బఠాణీల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలావిణ్ణి, "టాపు మీద పెట్టమ్మా" అన్నాడు. నేను లేచి, "నా కాళ్ళ దగ్గర చోటుంది బాబూ, ఇటివ్వు" అని బుట్ట అందుకున్నాను. మా ఆవిడ ఆ బుట్ట మీద చీర కవరు పెట్టి దాని మీద చెయ్యి వేసి కునుకు తీసింది. అంతమంది తిట్టుకున్న నిబంధన వల్ల నాకు దక్కింది చూస్తే, ఇకపై ఏ గేటు దగ్గరా విసుక్కోబుద్ధి కాదు. పోయేవాళ్ళు చిన్న కవరు పట్టుకెళ్ళండి, బంగారు అక్షరాలు లేనిది. వీలైతే థింసా కోసం ముందే చేరండి.

గాలికొండ మలుపులు వచ్చాయి. అలవాటు కొద్దీ బస్సెక్కగానే ఎడమ బుగ్గలో పెట్టుకున్న పీక అప్పటికి బాగా నానింది. అనంతగిరి ముందు మైలురాయి కనబడింది, కొత్తగా పసుపు రంగు వేశారు. అది దగ్గరవుతుంటే తెలియకుండానే ఊదేశాను, ఒక్కసారి.

ఒక విజిలు అంటే ఆపమని. డ్రైవరు పాతకాలపు మనిషిలా ఉన్నాడు, టక్కున బ్రేకు వేశాడు. బస్సు సరిగ్గా మైలురాయి పక్కన ఆగింది.

"ఎవరు దిగాలి? ఎవరమ్మా?" అని కండక్టరు కేకేశాడు. ఎవరూ దిగలేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. మా ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసింది, కిటికీలోంచి రాయిని చూసింది. ఇరవై రెండేళ్ళ కింద గాసన్న కోసం ఇక్కడ ఆగాల్సిన బస్సు. రాయి మీద ఎవరూ లేరు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తరువాత రెండుసార్లు ఊదాను. బస్సు కదిలింది.